డిస్ట్రస్ట్‌ఫుల్ అంటే నమ్మనివాడు, నమ్మదగనివాడు కాదు

మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. ఒక సప్లయర్ గురించి ఆఫీసు మెయిల్‌లో "హీ ఈజ్ ఎ డిస్ట్రస్ట్‌ఫుల్ పర్సన్" అని రాశారు. అతన్ని నమ్మడానికి వీల్లేదు అని చెప్పడం మీ ఉద్దేశం. మీ టీమ్ లీడ్ అది తప్పన్నారు. డిక్షనరీ తీస్తే "నమ్మకం లేని" అని ఉంది, మరి తప్పెక్కడ అని మీ ప్రశ్న. దాంతోపాటు డిస్ట్రస్ట్‌కీ మిస్ట్రస్ట్‌కీ తేడా ఏంటని కూడా అడిగారు.

టీమ్ లీడ్ చెప్పిందే కరెక్ట్. డిస్ట్రస్ట్‌ఫుల్ అంటే ఎదుటివాళ్లను నమ్మనివాడు. మీ వాక్యం చదివినవాళ్లకు ఆ సప్లయర్ ఎవర్నీ ఒక పట్టాన నమ్మడు, అడ్వాన్స్ చేతిలో పడితే గాని సరుకు కదిలించడు అన్నట్టు అర్థమవుతుంది. మీరు అనాల్సిన మాట అన్‌ట్రస్ట్‌వర్దీ. అలాగని డిక్షనరీ తప్పు అనను. చిక్కు మన తెలుగు మాటలోనే ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషు, తెలుగు మధ్య అనువాదాలు చేస్తున్నాను, ఈ ఒక్క మాట దగ్గర ఎంతమంది తడబడ్డారో చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"నమ్మకం లేని మనిషి" అంటాం కదా, ఆ నమ్మకం ఎవరికి లేదు? "జాతకాలంటే నమ్మకం లేని మనిషి" అన్నప్పుడు నమ్మకం లేనిది ఆ మనిషికి. "వాడు నమ్మకం లేని మనిషి, డబ్బు చేతికివ్వకు" అన్నప్పుడు నమ్మకం లేనిది మనకు. మాట ఒకటే, అర్థాలు రెండు వైపులకు పోతున్నాయి. నిండు వాక్యంలో ఈ గందరగోళం రాదు, ఎందుకంటే అక్కడ విభక్తి ఉంటుంది. "అతనికి నమ్మకం లేదు", "అతని మీద నమ్మకం లేదు". ఈ రెంటిని తెలుగువాళ్లెవరూ కలగాపులగం చేయరు. దాన్ని "నమ్మకం లేని" అని విశేషణంగా కుదించేసరికి ఆ "కి", ఆ "మీద" రెండూ రాలిపోతాయి. డిక్షనరీలో మీకు కనపడింది ఆ కుదించిన రూపమే. కాబట్టి ఇంగ్లీషు మాట ఎంచుకునే ముందు మనసులో తెలుగు వాక్యాన్ని నిండుగా అనుకోండి. "అతనికి" అని వస్తే డిస్ట్రస్ట్‌ఫుల్. "అతని మీద" అని వస్తే అన్‌ట్రస్ట్‌వర్దీ. నేను ఇప్పటికీ ఇలాగే చూసుకుంటాను.

విశ్వాసం అనే మాటతో ఇంకో చిక్కుంది. కుక్కకు విశ్వాసం ఎక్కువ అంటాం. అక్కడ విశ్వాసం అంటే ట్రస్ట్ కాదు, అన్నం పెట్టిన చేతిని మరవకపోవడం, ఇంగ్లీషులో లాయల్టీ. "విశ్వాసం లేని మనిషి" అని తిడితే చేసిన మేలు మరిచినవాడని. దాన్ని డిస్ట్రస్ట్‌ఫుల్ అంటే అసలు తిట్టే మారిపోతుంది, అక్కడ డిస్‌లాయల్ అనో అన్‌గ్రేట్‌ఫుల్ అనో రాయాలి.

డిస్ట్రస్ట్‌ఫుల్‌కు దగ్గరి మాట సస్పిషస్. ఇది ఇంగ్లీషులోనే రెండు వైపులా కోసే కత్తి. "హీ ఈజ్ సస్పిషస్" అంటే అతను ఎవర్నో అనుమానిస్తున్నాడు అనీ అవుతుంది, అతని వాలకం అనుమానంగా ఉంది అనీ అవుతుంది. ఈ విషయంలో తెలుగే నయం. అనుమానపు మనిషి వేరు, అనుమానాస్పద వ్యక్తి వేరు. "అనుమానాస్పద స్థితిలో మృతి" అని పేపర్లో రోజూ చూస్తాం. ఆ మృతి ఎవర్నీ అనుమానించదు, మనకు అనుమానం కలిగిస్తుంది. "ఆస్పద" అనే తోక ఆ పని చేసిపెడుతోంది.

ఈ తేడా ఒక మనిషి బతుకులోకి ఎలా వస్తుందో దగ్గర్నుంచి చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక లాయరు ఆఫీసులో కూర్చుని ఒకావిడ చెప్పిన సంగతులు ఇంగ్లీషులో పెట్టాల్సి వచ్చింది. ఆమె విడాకుల కోసం వచ్చింది. చెప్పుల స్టాండు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "మా ఆయన అనుమానం మనిషండీ" అని మొదలుపెట్టింది. కూరగాయలకు వెళ్తే గడియారం చూస్తాడు, ఫోను తీసి నంబర్లు ఒక్కొక్కటీ చదివి ఇదెవరిది అదెవరిది అంటాడు, పుట్టింటికి వెళ్తే పదింటికి ఒకసారి పన్నెండింటికి ఒకసారి ఫోన్ చేసి పక్కన ఎవరున్నారని అడుగుతాడు. అప్పటికే గుమస్తా టైపు చేసి ఉంచిన కాగితంలో ఇదంతా ఒక్క వాక్యం అయిపోయి ఉంది, "మై హస్బెండ్ ఈజ్ ఎ సస్పిషస్ పర్సన్" అని. చదివినవాళ్లకు ఆయనేదో దొంగతనం చేసేలా ఉన్నాడని అనిపిస్తుంది గాని, ఆమె పడ్డ నరకం అందులో అణువంత కూడా లేదు. దాన్ని కొట్టేసి, "హీ ఈజ్ కాన్‌స్టంట్లీ సస్పిషస్ ఆఫ్ మీ" అని రాసి, ఆ గడియారం సంగతీ ఫోన్ సంగతీ కింద విడివిడిగా పెట్టాం. ఆ వాక్యంలో పని చేసింది "ఆఫ్ మీ" అనే చిన్న ముక్క. ఎవరిని అనుమానిస్తున్నాడో చెప్పగానే సస్పిషస్‌కు ఉన్న రెండో అర్థం మూసుకుపోతుంది. అందుకే ఇలాంటి చోట సస్పిషస్‌ను ఒంటరిగా వదలకండి, వెనకాల "ఆఫ్" పెట్టి ఎవరినో చెప్పండి. లేదా "లుక్స్ సస్పిషస్", "సస్పిషస్ ట్రాన్సాక్షన్" అన్నట్టు అనుమానం పుట్టించే వస్తువుకో పనికో తగిలించండి.

"ఆఫ్" గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి ప్రిపొజిషన్ల సంగతి చెప్పేస్తాను. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు "ఐ డోంట్ హావ్ ట్రస్ట్ ఆన్ హిమ్". ఈ "ఆన్" ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుగా, మన "మీద" నుంచి. అతని మీద నమ్మకం, అతని మీద అనుమానం, అతని మీద గురి, తెలుగులో అన్నీ మీదే. ఇంగ్లీషులో నమ్మకం ఉన్న మాటలకు "ఇన్" వస్తుంది: ట్రస్ట్ ఇన్, ఫెయిత్ ఇన్, కాన్ఫిడెన్స్ ఇన్, బిలీఫ్ ఇన్. నమ్మకం లేని మాటలకు ఎక్కువగా "ఆఫ్" వస్తుంది: డిస్ట్రస్ట్ ఆఫ్, మిస్ట్రస్ట్ ఆఫ్, డిస్ట్రస్ట్‌ఫుల్ ఆఫ్, సస్పిషస్ ఆఫ్, వేరీ ఆఫ్ (wary, అంటే ముందుజాగ్రత్తతో ఉండే). "ఆన్" వచ్చేది ఆధారపడే మాటలకు, రిలై ఆన్, డిపెండ్ ఆన్. క్రియగా వాడితే అసలు ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు, "ఐ డిస్ట్రస్ట్ హిమ్", అంతే. "ఐ యామ్ డిస్ట్రస్టింగ్ హిమ్" అనొద్దు, అది తింటున్నాను, వెళ్తున్నాను లాంటి పని కాదు, మనసులో ఉన్న స్థితి. మనం "నాకు తెలుసు" అంటాం గాని "నాకు తెలుస్తూ ఉంది" అని రోజూ అనం కదా, అలాంటిది.

డిస్ట్రస్ట్, మిస్ట్రస్ట్ దగ్గరికి వద్దాం. పుస్తకాల్లో చెప్పే తేడా ఏంటంటే, మిస్ట్రస్ట్ అంటే పెద్ద కారణమేమీ చూపలేకపోయినా లోపల ఉండే శంక, డిస్ట్రస్ట్ అంటే అనుభవం మీద, ఆధారం మీద వచ్చిన అపనమ్మకం. కొత్తగా వచ్చిన వాచ్‌మన్‌ను చూడగానే ఎందుకో మనసు ఒప్పుకోకపోతే మిస్ట్రస్ట్. రెండుసార్లు పాల లెక్కలో తేడా చేసిన పాలబ్బాయి మీద ఉండేది డిస్ట్రస్ట్. ఈ తేడా వినడానికి బాగుంది, పరీక్షలో రాయొచ్చు కూడా, కానీ రాతలో దీన్ని గీత గీసినట్టు ఎవరూ పాటించరు. చాలా ఇంగ్లీషు డిక్షనరీలు ఒకదానికి అర్థంగా రెండోదాన్నే ఇస్తాయి.

ఒక్క ఉదాహరణ చూడండి. అమెరికాలో నల్లజాతివాళ్లకు వైద్య వ్యవస్థ మీద ఉన్న అపనమ్మకాన్ని పరిశోధకులు "మెడికల్ మిస్ట్రస్ట్" అంటారు. దాని వెనక ఉన్న కారణాల్లో అందరికీ తెలిసినది అలబామా రాష్ట్రంలోని టస్కిగీలో జరిగింది. 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్ల పాటు, అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం 600 మంది నల్లజాతి మగవాళ్లను ఒక అధ్యయనంలో పెట్టుకుంది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. ఆ మాట వాళ్లకు చెప్పలేదు, మీ రక్తం చెడిపోయింది, వైద్యం చేస్తున్నాం అని నమ్మించారు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు, మందు లేకపోతే జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. ఇంత కళ్లెదుట ఆధారం ఉన్న అపనమ్మకాన్ని పై సూత్రం ప్రకారం డిస్ట్రస్ట్ అనాలి, కానీ వాడుకలో స్థిరపడింది మిస్ట్రస్ట్. అంటే ఆ సూత్రం ఎక్కడిదాకా పని చేస్తుందో మీకే అర్థమైంది. నన్ను సలహా అడిగితే, క్రియగా వాడేటప్పుడు డిస్ట్రస్ట్ వాడండి, ఎక్కువగా వినపడేది అదే. సమాజంలో, రెండు వర్గాల మధ్య పేరుకుపోయిన అపనమ్మకం గురించి రాస్తే మిస్ట్రస్ట్ బాగా అతుకుతుంది. తారుమారైనా ఎవరూ తప్పు పట్టరు.

ఒక్క పొరపాటు మాత్రం నిజంగా తప్పే. "మిస్" చూసి మిస్‌అండర్‌స్టాండ్ లాంటిదే అనుకుని, మిస్ట్రస్ట్ అంటే తప్పుగా నమ్మడం, నమ్మకూడనివాణ్ని నమ్మడం అని కొందరు రాస్తారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అనే సామెత ఉందే, ఆ సందర్భానికి వాడేస్తారు. అది మిస్ట్రస్ట్ కాదు, "మిస్‌ప్లేస్డ్ ట్రస్ట్". మిస్ట్రస్ట్‌లో నమ్మడమే లేదు.

మాటల పుట్టుక అంటే నాకు ఇష్టం, అందుకని ఒక్క ముక్క. ట్రస్ట్ అనేది పాత నార్స్ భాష నుంచి, అంటే ఉత్తర ఐరోపా వైకింగ్ ఓడలవాళ్ల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. "డిస్" లాటిన్‌ది. వేర్వేరు ఇళ్లవాళ్లు కలిసి డిస్ట్రస్ట్ అయ్యారు. మన అపనమ్మకం కూడా అచ్చం అంతే. "అప" సంస్కృతం, నమ్మకం మన తెలుగు. అపకీర్తి, అపవాదు లాంటి సంస్కృత మాటల్లో ఉండే ఉపసర్గను తెచ్చి మన మాటకు తగిలించుకున్నాం. డిస్ట్రస్ట్‌కు తెలుగులో ఏ మాట రాయాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు అపనమ్మకమే అంటాను. అవిశ్వాసం అనను. ఎందుకంటే అవిశ్వాసం అనగానే తెలుగువాళ్లకు సభలో తీర్మానం గుర్తొస్తుంది, చర్చికి వెళ్లేవాళ్లకైతే దేవుణ్ని నమ్మకపోవడం గుర్తొస్తుంది. 2018 జులై 20న ప్రత్యేక హోదా విషయంలో తెలుగుదేశం పెట్టిన తీర్మానం లోక్‌సభలో 126కి 325 ఓట్లతో వీగిపోయింది, అప్పుడు వారం రోజులు ఏ టీవీ పెట్టినా అవిశ్వాసం అనే మాటే. ఇంగ్లీషులో దాన్ని ఎవరూ డిస్ట్రస్ట్ మోషన్ అనరు, "నో కాన్ఫిడెన్స్ మోషన్" అంటారు. అక్కడ ప్రశ్న మంత్రివర్గం నిజాయితీ ఒక్కటే కాదు, సభలో మెజారిటీ మద్దతు దానికి ఉందా లేదా అని. ట్రస్ట్ మనిషి మనసు మీద, కాన్ఫిడెన్స్ మనిషి సత్తా మీద కూడా. మా ఊళ్లో "ఆ డాక్టరు మీద నాకు గురి కుదరలేదు" అంటారు, డాక్టరు మోసగాడని కాదు, ఆయన హస్తవాసి మీద నమ్మకం రాలేదని. కాన్ఫిడెన్స్‌కు గురి అంత చక్కటి మాట ఇంకోటి లేదు, ఎందుకో రాతలో వాడటం తగ్గించేశారు, నాకది నిజంగా బాధగా ఉంటుంది.

ఇక డౌట్, సస్పెక్ట్. మీరు దీని గురించి అడగలేదు గాని, ఆఫీసు మెయిల్స్‌లో దీనివల్ల జరిగే నష్టం ఎక్కువ. రెండింటికీ మనం అనుమానమే అంటాం, కానీ అవి ఎదురెదురు మాటలు. "ఐ డౌట్ హీ టుక్ ద ఫైల్" అంటే ఫైలు అతను తీసి ఉండడు అని. "ఐ సస్పెక్ట్ హీ టుక్ ద ఫైల్" అంటే అతనే తీశాడని నా అనుమానం. చూశారా, ఒకటి మనిషిని వదిలేస్తోంది, ఒకటి పట్టుకుంటోంది. తెలుగులో ఈ తేడా అనుమానం అనే మాటలో లేదు, దాని ముందు వచ్చే వాక్యంలో ఉంది. "వస్తాడో రాడో అని అనుమానం" అన్నామంటే డౌట్. "వాడే తీశాడని అనుమానం" అన్నామంటే సస్పెక్ట్. "ఓ", "ఓ" వస్తే డౌట్, సూటిగా "అని" వస్తే సస్పెక్ట్, ఈ గుర్తు చాలావరకు పని చేస్తుంది. "ఐ డౌట్ మై రూమ్మేట్" అని మన పిల్లలు అనేది రూమ్మేట్ మీద అనుమానం ఉందని. షేక్‌స్పియర్ నాటి ఇంగ్లీషులో డౌట్‌కు అనుమానించడం, భయపడటం అనే అర్థాలు కూడా ఉండేవి కాబట్టి మరీ పుట్టుకే లేని వాడుక కాదు, కానీ ఇవాళ లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న మేనేజరుకు అది అర్థం కాదు.

టెక్నికల్ మాటల్లో ఒకటి రెండు జాగ్రత్తలు. యాంటీట్రస్ట్ అంటే అపనమ్మకంతో సంబంధం లేదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ లాంటి పెద్ద కంపెనీలు ట్రస్టులు అనే పేరుతో గుత్తాధిపత్యం చేస్తుంటే, దాన్ని ఆపడానికి 1890లో షెర్మన్ చట్టం తెచ్చారు. ఆ ట్రస్టులకు వ్యతిరేకం కాబట్టి యాంటీట్రస్ట్. మెషిన్ అనువాదంలో దీన్ని "అవిశ్వాస కేసు" అని చూసి నేనే ఎన్నిసార్లు దిద్దానో. గుత్తాధిపత్య నిరోధక కేసు అని రాయాలి. సెక్యూరిటీ టీముల్లో వినపడే జీరో ట్రస్ట్ కూడా మనుషుల మీద అపనమ్మకం కాదు, ఆఫీసు నెట్‌వర్క్ లోపల ఉన్నారు కదా అని ఎవర్నీ ముందే నమ్మేయకుండా ఏది తెరవబోయినా ప్రతిసారీ సరిచూడటం. ఈ పద్ధతి చెప్తే కొందరు ఉద్యోగులు "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అని బాధపడతారు, పేరు తెచ్చిన తంటా అది. బిట్‌కాయిన్ లాంటివాటి వెనకుండే బ్లాక్‌చెయిన్‌లో వాడే ట్రస్ట్‌లెస్ అయితే ఇంకా వేరు, ఎదుటివాణ్ని నమ్మాల్సిన అవసరమే లేని ఏర్పాటు అని. మూడింటిలోనూ ట్రస్ట్ ఉంది, ఒక్కదానికీ అపనమ్మకం అని రాయకూడదు.

మళ్లీ మీ మెయిల్ దగ్గరికి. డిస్ట్రస్ట్‌ఫుల్ తీసేసి అన్‌ట్రస్ట్‌వర్దీ పెడితే ఇంగ్లీషు సరిపోతుంది, కానీ నేనైతే అదీ రాయను. ఒక మనిషి పేరు పక్కన అన్‌ట్రస్ట్‌వర్దీ అని రాతపూర్వకంగా పెట్టడం అంటే అతని నడవడిక మీద ముద్ర వేయడమే, రేపు ఆ మెయిల్ అతని దాకా వెళ్తే మీరు సమాధానం చెప్పుకోవాలి. పాలతో నోరు కాలినవాడు మజ్జిగ ఊదుకుని తాగినట్టు జాగ్రత్తగా ఉన్నాం అని చెప్పాలంటే "వేరీ" ఉంది: "వీ ఆర్ వేరీ ఆఫ్ ప్లేసింగ్ అనదర్ ఆర్డర్ విత్ దెమ్". వాళ్ల మాట మీద కాక పని మీద నమ్మకం పోయిందంటే "వీ హావ్ లాస్ట్ కాన్ఫిడెన్స్ ఇన్ దిస్ సప్లయర్". ఇంకా మెత్తగా కావాలంటే "వీ హావ్ కన్సర్న్స్ అబౌట్ దిస్ సప్లయర్స్ రిలయబిలిటీ" అనండి. నాకు మీ కేసులో ఈ చివరిదే నచ్చింది. దాని కిందే ఏ ఆర్డరు ఎన్ని రోజులు లేటైందో, ఏ బిల్లులో ఎంత తేడా వచ్చిందో తేదీలతో సహా రాసేయండి. ఇప్పటికే పంపేసిన మెయిల్ ఉంటే, "బై డిస్ట్రస్ట్‌ఫుల్ ఐ మెంట్ అన్‌రిలయబుల్" అని ఒక్క లైన్‌తో ఇవాళే సరిదిద్దుతూ ఇంకోటి పంపండి, రేపటికి వాయిదా వేయొద్దు.